పసరుకు దక్కిన పేరు

మొన్న మన్నెగూడ చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు, 'కామెర్లకు పసరు మందు, మూడు పూటల్లో నయం' అన్న బోర్డు కంటబడి నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కసీటామె ఏమనుకుందో గానీ పైకే తిట్టాను. ఈ వయసులో బీపీ పెంచుకోవద్దని ఎవరెంత చెప్పినా, ఆ బోర్డు చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. నేను ఒక వెంచర్ ఆఫీసులో చేరి, పొద్దున్నే నగరం నుంచి కార్లలో దిగేవాళ్ళకు నక్షాలు చూపించేదాన్ని. అప్పుడే మా అక్కకు కళ్ళు పచ్చబడ్డాయి. లివర్ చెడిందని తెలియగానే, చాటుగా కల్లు తాగుతుందని ఆమె అత్తగారు వాడంతా చాటింది. కల్లు వాసనే గిట్టని మనిషిని పట్టుకుని అంత మాట ఎలా అనబుద్ధయిందో!

నగరంలో పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. రోగం వచ్చినప్పుడు ఒంట్లోని రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట, ఆ కబురు మోసే పదార్థాలను సైటోకైన్లంటారట. అక్క ఒంట్లో ఏ క్రిమీ లేకుండానే ఆ కబుర్లు ఆగకుండా పోతున్నాయట, దాంతో కణాలు సొంత కాలేయాన్నే పగవాడనుకుని మీద పడుతున్నాయట. స్టెరాయిడ్ మాత్రలు ఆ గోలను అణచి ఉంచుతాయని, కామెర్లు పోయినా తనను అడక్కుండా ఆపొద్దని మరీ మరీ చెప్పింది. అంతా అర్థమైనట్టు తలూపాను.

కొన్ని వారాలకు అక్క కళ్ళు తెల్లబడ్డాయి. కానీ ఆ మధ్యలోనే, మా అమ్మ పోరు పడలేక, రావిర్యాల దాటి పసరు పోసే ముసలాయన దగ్గరికీ తీసుకెళ్ళి ఉన్నాం. ఇంకేముంది, పేరంతా పసరుకు దక్కింది. "ఇంగ్లీషు గోలీలు బంద్ జేస్తెనే పసరు ఒంటికి పడ్తది బిడ్డా" అన్నాడాయన. పైగా మాత్రలకు అక్క మొహం ఉబ్బి గుండ్రంగా అయ్యింది, దాన్ని చూసి వాడలో ఆడవాళ్ళు నవ్వుతుంటే నాకు మంట. చదువుకున్నదాన్ని, డాక్టరమ్మ మాట నా చెవులారా విన్నదాన్ని, నేనే అన్నాను, "తక్కువైంది గద అక్కా, ఇగ గా గోలీలెందుకే?" అని. ఛీ, ఎంత బుద్ధిహీనురాలిని! నా మాట మీద నమ్మకంతో అక్క ఆ పూటే ఆపేసి, పసరాయన పెట్టిన ఉప్పులేని మజ్జిగన్నం పథ్యం మాత్రం నిష్ఠగా చేసింది.

నెల తిరక్కుండా కామెర్లు తిరగబెట్టాయి, పొట్టలో నీరు చేరింది. మళ్ళీ ఆ దవాఖానకే పరుగెత్తాం. డాక్టరమ్మ అగ్గి మీద గుగ్గిలమై, మాత్రలు ఎవరు ఆపమన్నారని అరిచింది. మంచం మీది నుంచి అక్కే అంది, "నేనే ఆపిన మేడం. మా చెల్లె ఆపొద్దనే చెప్పింది." నాకు పడాల్సిన చీవాట్లన్నీ ఆ మనిషి, లేచి కూర్చునే ఓపిక కూడా లేని మనిషి, పడింది. నేను పక్కనే నిలబడి విన్నాను. పది రోజులకు అక్క పోయింది.

ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో వీధికో ల్యాబ్ ఉంది. పిల్లలు ఫోనులో జబ్బు పేరు చదివేసి, ఏ మందు ఎందుకో డాక్టర్నే నిలదీస్తున్నారు. మా కాలంలో ఇవేవీ లేవని కాలాన్ని తిట్టుకుందామంటే, ఆ డాక్టరమ్మ అప్పుడే అన్నీ చెప్పింది కదా. మా ఇంట్లో ఈనాటికీ అక్క మొండితనం వల్లే పోయిందంటారు, బావా అదే అంటాడు. నేను ఒక్కసారీ కాదనలేదు.