పాపాయమ్మ ఇంటి తలుపు

తొంభై ఆరు నవంబరు తుపానుకు కోనసీమలో పాపాయమ్మ తాటాకిల్లు గోడలతో సహా కొట్టుకుపోయింది. నాలుగోనాడు నష్టం రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా ఖాళీ నేల చూసి విసుక్కున్నాడు.

"ఇల్లేదమ్మా?"

"పోయిందండి. అందుకేగదండి మీరొచ్చారు?"

"ఇంటి నెంబరైనా చూపించు. లేదంటే జాబితాలో రాయను. వీధి చివరిదాకా రాసి వెళ్ళిపోతాను, ఆలోగా తే."

నెంబరు తలుపు మీదే పెయింటుతో రాసి ఉంది. ఆ తలుపేమో పక్కనే సూర్యకళ గారి కొబ్బరితోటలో, కూలిన చెట్ల నడుమ పడి ఉంది. రాలిన కాయలు ఎత్తుకుపోయిందని కిందటేడు నింద వేసి, పాపాయమ్మను తోటలో అడుగుపెట్టనివ్వని మనిషి ఆవిడ. ప్రభువును తలుచుకుని పాపాయమ్మ కంచె దాటింది.

"మళ్ళీ దాపురించావా? ఈసారేం ఎత్తుకుపోతావే?"

"నా తలుపేనండి, అమ్మగారూ. నెంబరు చూపిస్తేగాని ఇల్లు రాయరంట."

నానిన తలుపు ఆమె ఒక్కదానికి లేవలేదు. సూర్యకళ కాసేపు చూసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

"నా తోటలో నడుం విరగ్గొట్టుకుని ఆ నిందా నా మీదేస్తావా? ఆ కొస పట్టుకో!"

గుమాస్తా నెంబరు రాసుకునేదాకా ఆవిడ తిట్లూ ఆపలేదు, తలుపూ దించలేదు.