కొమ్ముకు కట్టని పేలికలు

ముస్తాబాద్ పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేరిన ఏడాది నుంచీ దుర్గయ్య పేరు వింటే నాకు కడుపుమంట. ఇప్పుడు డెబ్బై దాటి, కోరుట్లలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా ఆ మంట పూర్తిగా చల్లారలేదు.

దుర్గయ్య చచ్చిన పశువుల తోలు తీసేవాడు. తోలు తీశాక కళేబరాన్ని గుట్ట కింద సాగులేని పడావు భూమిలో వేసేవాడు. గుట్ట మీది రాబందులు దిగేవి. ఎడ్లబండి ఊరు చుట్టి వచ్చేలోపు ఎముకలు మాత్రమే మిగిలేవి. వాటిని ఏరి బొక్కల బేరగానికి వేసేవాడు. అంతే అతని పని.

కానీ ఊరి నమ్మకమంతా అతని మీదే. నక్సలైట్ అన్నల కాలం, పోలీసు క్యాంపుల కాలం. చదువుకున్న డాక్టరు సిరిసిల్ల దాటి వచ్చేవాడు కాదు. ఆ రోజుల్లో డాక్టరునైనా కాంపౌండరునైనా నేనే. అయినా ఊరి దొర శ్యాంసుందర్ రావు గారి ఎద్దు పడ్డనాడు సంచీ పట్టుకుని వెళ్తే, ఆయన నన్ను కొట్టం బయటే ఆపాడు.

"ఆగు బాలకిషన్, దుర్గయ్య రానీ."

దుర్గయ్య వచ్చి ఎద్దు చెవి పట్టి చూశాడు. మూతి దగ్గర వాసన చూశాడు.

"ఎల్లుండి పొద్దుగూకంగ పోతది దొరా. సూదెందుకు, ఉత్తగ బాధ పెట్టుడు."

పంతానికి సూది వేశాను. నొప్పులకూ జ్వరానికీ అప్పుడే కొత్తగా వచ్చిన డైక్లోఫెనాక్ మందు. మర్నాడు ఎద్దు లేచి గడ్డి కొరికింది. ఆ రోజు నేను పని లేకున్నా బస్టాండు దాకా మూడుసార్లు నడిచాను. దుర్గయ్య చెప్పిన నాడే, పొద్దుగూకే వేళకు ఎద్దు చచ్చింది.

"వానికి తోలు గావాలె, అందుకే బతకదంటడు" అని హోటల్లో కూర్చుని నలుగురికీ చెప్పింది నేనే.

రెండేళ్లు గడిచాయి. ఒక పగలు దుర్గయ్య గోనెసంచి భుజాన వేసుకుని దవాఖానకు వచ్చాడు. సంచిలో చచ్చిన రాబందు. వరండాలోనే దాని పొట్ట కోసి చూపించాడు. కాలేయం మీద, గుండె మీద తెల్లటి పొడి.

"సున్నం గొట్టినట్టు లేదా సారు? మెడలు ఏలాడేసుకోని కూసుంటున్నయి, రెండు దినాలకు కింద పడుతున్నయి. నువ్వు సూదేసిన గొడ్లను తిన్నంకనే గిట్లైతున్నది."

"గొడ్డుకు మంచి చేసే మందు రాబందుకెట్ల చెడు చేస్తది?" అన్నాను.

"గది నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పాలె. నేనొక్కటే అడుగుత. సూదేసినదాని కొమ్ముకు గుడ్డపేలిక కట్టు. అది సస్తే బొందవెడ్త. పేలిక లేనిదాన్నే బయటేస్త."

"ఎర్రది కడితే పోలీసోళ్లు తీస్కపోతరు నన్ను."

"తెల్లది గట్టు."

"తెల్లదా?"

"అవు, తెల్లదద్దు. లొంగిపోయిన ఎద్దంటరు" అని తనే నవ్వాడు. మర్నాడు అతని భార్య ముత్తమ్మ పాత ఆకుపచ్చ చీర అంచు చింపి, పేలికల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సరే కడతానన్నాను.

ఒక్కటీ కట్టలేదు. కడితే, నా సూది పడ్డాక ఎన్ని చచ్చాయో ఊరంతా కొమ్ములు చూసి లెక్క చెప్పేది. అంతకన్నా పెద్ద బాధ, దుర్గయ్య మాట నిజమని నా చేతులతో నేనే చాటినట్టయ్యేది. పేలికల కట్టను సంచీ అడుగున పడేశాను.

గుట్ట మీద అరవై దాకా ఉండే పక్షులు ఇరవై అయ్యాయి. తర్వాత నాలుగు. నాకు మల్లాపూర్ బదిలీ అయ్యేనాటికి పడావులో కుక్కలు మాత్రమే తిరుగుతున్నాయి.

రెండువేల ఆరులో పశువులకు ఆ మందు నిషేధించారని పేపర్లో వచ్చింది. ఎందుకో కూడా రాశారు. మన ఒంట్లో పుట్టే వ్యర్థం నీళ్లలో కరిగి మూత్రంగా పోతుంది. పక్షిలో అది యూరిక్ ఆమ్లమవుతుంది, నీళ్లలో సరిగా కరగదు. కళేబరంలో మిగిలిన మందు రాబందు మూత్రపిండాలను చంపితే, ఆ ఆమ్లం బయటికి పోలేక లోపలి అవయవాల మీద తెల్లగా పేరుకుంటుంది.

పేపరు పట్టుకుని ముస్తాబాద్ పోయాను. దుర్గయ్య అరుగు మీద ఉన్నాడు. చదివి వినిపించాను.

"తెల్లగ పేరుకుంటదని రాసిన్రా?"

"రాసిన్రు."

"ఇన్నవానే!" అని ముత్తమ్మను పిలిచాడు. "సదువుకున్నోళ్లు నాకంటే పదేండ్లు ఎనుకున్నరు."

అప్పుడు కూడా ఆ పాత మంట లేచింది. అతను చూసినదాన్నే నేనూ అదే వరండాలో నిలబడి చూశాను. నా పక్కన ఇంగ్లీషు పుస్తకాలు కూడా ఉండేవి.

అన్నేళ్లుగా సంచీ అడుగున ఉన్న పేలికల కట్ట తీసి అరుగు మీద పెట్టాను.

"గివి నా పచ్చచీర అంచు గాదా?" అంది ముత్తమ్మ. "కట్టిన ముడి గూడ ఇప్పలేదేంది?"

దుర్గయ్య నవ్వు ఆగిపోయింది. "ఒక్కటి గూడ కట్టలేదా సారు?"

"లేదు."

గుట్ట వైపు తిరిగాడు. "పేలిక లేనియన్ని మంచియే అనుకుంటి. నా చేతులతోనే ఏస్తి వాటికి."

ముత్తమ్మ చాయ్ తెస్తే నాకు ఇమ్మన్నాడు, తను ముట్టలేదు. నేను లేస్తుంటే అడిగాడు.

"మల్లాపూర్ల ఇంక సూదులేస్తున్నవా?"

"ఆ మందు బందైంది."

"ఇంకోటస్తది. గదెసొంటిదో ఎవలికెరుక?" పేలికల కట్టను మళ్లీ నా సంచీలో పెట్టాడు. "ఈసారన్న కట్టు."

రిటైరయ్యేదాకా కట్టాను. పచ్చ అంచు అయిపోతే నా భార్య చీరలు చింపాను. కొమ్ముకు ఇదేంది సారూ అని రైతులు అడిగితే, ముస్తాబాద్ దుర్గయ్య చెప్పిండని చెప్పేవాణ్ణి. ఆ పేరు పలకడం ప్రతిసారీ నాకు కొంచెం కష్టంగానే ఉండేది. అయినా పలికాను.