అచ్చియమ్మ ముక్కు, దయావతి చెయ్యి

దయావతికి వాసనలు తెలియడం లేదని ముందుగా కనిపెట్టింది ఆవిడ భర్త సామ్యేలు కాదు, పక్కింటి అచ్చియమ్మ.

అది డెబ్భై ఆరో సంవత్సరం, వానాకాలం. నర్సీపట్నం బజారులో సామ్యేలుకి చిన్న టైలరు షాపు ఉండేది. ఇంట్లో దయావతి, పదేళ్ల కూతురు కరుణకుమారి. ఆ వీధిలో దయావతి రోటి పచ్చళ్లకి పెద్ద పేరు. కాల్చిన వంకాయ, బీరపొట్టు, చింతచిగురు, ఏది నూరినా చుట్టుపక్కల నాలుగిళ్లకి గిన్నెలు వెళ్లాల్సిందే. అలాంటి మనిషి టైఫాయిడ్ వచ్చి ఇరవై రెండు రోజులు మంచం పట్టింది. లేచి నిలబడగలిగిన రోజున మొదట చేసిన పని రోలు కడుక్కుని వంకాయ పచ్చడి నూరడం.

అలవాటుగా అచ్చియమ్మకి గిన్నెలో పెట్టి ఇచ్చింది. అచ్చియమ్మ వాళ్లది నాతవరం వైపు వ్యవసాయ కుటుంబం. మొగుడికి రైసుమిల్లులో పని దొరికితే ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. దయావతి కంటే పదిహేనేళ్లు పెద్దది. సొంత అక్కని పిలిచినట్టు దయావతి ఆవిణ్ణి "అప్పా" అనేది.

అచ్చియమ్మ వేలితో కాస్త నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఒలే, ఈ నూనేటి ఇలాగున్నాది? మక్కిపోయి కంపు కొడతంటే దీంతోటే పోపెట్టీసినావేటి?"

దయావతి నూనె సీసా తెచ్చి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచినీళ్లు వాసన చూసినట్టే ఉంది. లోపలికెళ్లి కొత్తిమీర నలిపి చూసింది. ఇంగువ డబ్బా తెరిచింది. ఏ వాసనా లేదు. వచ్చి గుమ్మంలో కూలబడిపోయింది.

"జొరం తగ్గిన కాణ్ణించీ ఇంతే అప్పా. నీరసమనుకున్నాను. ఉప్పు తెలుస్తంది, పులుపు తెలుస్తంది, కారం మండుతంది. మరింకేటీ తెలీడం నేదు."

సాయంత్రం సామ్యేలు రాగానే అడిగింది. "మధ్యాహ్నం ఆ పచ్చడి ఎలా తిన్నారండీ?"

అతను చేతిలో ఉన్న టేపు చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు. "ఇన్నాళ్లకి లేచి పొయ్యి దగ్గర నిలబడ్డావు. బాగులేదని ఏ నోటితో చెప్పమంటావు?"

దయావతికి కోపం రాలేదు, భయం వేసింది. ఇక తను ఏం చేసిపెట్టినా ఇంట్లో ఎవరూ నిజం చెప్పరన్నమాట.

డాక్టరుగారు చూసి, వాసన తిరిగి వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. దయావతి రోలు మీద పీట బోర్లించేసింది. ఇంట్లో పప్పు, చారు, కొనుక్కొచ్చిన ఆవకాయ. కరుణ అదే తిని బడికి పోయేది.

ఫిబ్రవరిలో చర్చిలో కోతపండగ. ఆరాధన అయ్యాక రెండొందల మందికి ప్రేమవిందు. అందులో నువ్వుల పచ్చడి ఏటా దయావతిదే. ఈసారి నావల్ల కాదని పాస్టరమ్మగారితో చెప్పి రావడానికి చీర మార్చుకుంటుంటే, కరుణ వెళ్లి ఆ సంగతి అచ్చియమ్మ చెవిన వేసింది. ఆవిడ చేతిలో చేట పట్టుకునే వచ్చేసింది.

"నీ ముక్కు పంజెయ్యకపోతే నా ముక్కున్నాది కదేటి?"

"నువ్వు నూరతావా అప్పా?"

"ఓలమ్మా! నాను నూరితే మా ఇంట్లో కుక్క కూడా ముట్టదు. నాకు సెయ్యి నేదు. నీకు ముక్కు నేదు. ఇద్దరం కూకుంటే సరి."

పండగకి ఇంకా నెల ఉంది. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చునేవారు. దయావతి నువ్వులు వేపుతుంటే అచ్చియమ్మ ముక్కు ముందుకి పెట్టి కాపలా కాసేది. "కమ్మగున్నాది, దింపీ!" అనేది. అలా అంటే దయావతి ఒప్పుకునేది కాదు.

"కమ్మగా అంటే నాకేం తెలుస్తుంది? ఎలా ఉందో చెప్పు."

అచ్చియమ్మ ఆలోచించేది. "ఎండలో ఆరేసిన పరుపు ఇంట్లోకి తెస్తే సూడు, అలాగున్నాది."

ఆ క్షణంలో నువ్వులు ఏ రంగులో ఉన్నాయో దయావతి చూసి పెట్టుకునేది. మూకుట్లో చిటపట ఎంత పలచబడిందో విని పెట్టుకునేది. కొయ్యూరు నించి వచ్చిన చింతపండు వేళ్లతో పిసికి పదును తెలుసుకుంది. రోట్లో నువ్వులు పొడిగా ఉన్నంతసేపూ రోకలి గరగరమంటుంది. నూనె వదిలిందంటే చప్పుడు మెత్తబడి బరువెక్కుతుంది. ఇన్నేళ్లు నూరింది కాని అది ఎన్నడూ వినలేదు. మొదట్లో రెండుసార్లు మాడిపోయింది. ఒకసారి బెల్లం ఎక్కువై పాయసంలా ఉందని అచ్చియమ్మ కడుపుబ్బ నవ్వింది. దయావతికి మాత్రం ఆ నవ్వు వినడం హాయిగా ఉంది.

కోతపండగ రోజు పచ్చడి రెండు పెద్ద గిన్నెల నిండా చేసింది. బంతుల్లో అందరూ అన్నంలో కలుపుకుంటుంటే స్తంభం పక్కన నిలబడి మొహాలు చూసింది. మారు వడ్డించమనే వాళ్లు అడుగుతూనే ఉన్నారు. చివరికి పరిమళ అనే ముసలావిడ చెయ్యి కడుక్కుంటూ, "దయావతీ, ఈయేడు ఉప్పు కొంచెం ఎక్కువైందే" అంది.

దయావతి మొహం విప్పారింది. ఉప్పు వేసింది తనే. అచ్చియమ్మకి దాంతో సంబంధం లేదు. పైగా ఎప్పట్లాగే మొహమ్మీద వంక పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

వాసన మాత్రం తిరిగి రాలేదు. ఎనభై ఏడులో కరుణకి టీచరుద్యోగం వచ్చి, మొదటి జీతంతో మిక్సీ కొంది. దయావతి ఒక్కసారి పచ్చడి వేసి చూసింది. ఆ హోరులో ఏమీ వినపడక ఆపేసింది. ఇడ్లీ పిండికి వాడుకున్నారు. మరుసటేడు అచ్చియమ్మ మొగుడు పని మానేస్తే ఇద్దరూ నాతవరం వెళ్లిపోయారు. అప్పటికి దయావతికి తోడు ముక్కు అవసరం తీరిపోయింది. మనిషి అవసరం తీరలేదు. నెలకోసారైనా టిఫిన్ క్యారేజీ పట్టుకుని బస్సెక్కేది.

వీధిలో ఆడపిల్లలు పచ్చళ్లు నేర్చుకోవడానికి వచ్చేవారు. వాళ్లలో కొండలమ్మ అనే కొత్త కోడలికి చాన్నాళ్లకి గాని దయావతికి వాసన పోయిన సంగతి తెలియలేదు. తెలిశాక ఉండబట్టలేక అడిగేసింది.

"మరి మీకు రుచి తెలీకుండా ఎలాగ తింటారండీ?"

దయావతి కంచంలో వేడన్నం పెట్టుకుని దోసకాయ పచ్చడి వేసుకుంటోంది.

"తెలీదని ఎవరన్నారు? ముక్క కరకరలాడటం తెలుస్తుంది. ఆవగింజ పంటికింద చిట్లడం తెలుస్తుంది. మీ అందరికీ తెలిసినంత కాదులే. తక్కువే. ఆ తక్కువకే నాకు రెండు ముద్దలు ఎక్కువ పడతాయి."

అని కొండలమ్మకీ ఒక కంచం వేసి, పచ్చడి గిన్నె మధ్యకి జరిపింది.