కానుక కోడికి అందని మందు

దేవుడికిస్తానన్న కోడికి జబ్బు చేస్తే మీరు మందు పోస్తారా, పోయరా? ముందు మనసులో జవాబు చెప్పుకొని, ఆ తర్వాత చదవండి.

నేను వాక్యం చెప్పే చర్చికి వచ్చే, మిరప కోతలకు వెళ్లే మరియమ్మ గారు కోళ్లు తూగుతున్నాయని ఈ రోజు పొద్దున కబురు పెట్టారు. పశువుల డాక్టరు గారు యాంటీబయాటిక్ రాసిచ్చి, బరువును బట్టి పోయాలన్నారట. ఆవిడకు లెక్క రాదు. నేను వెళ్లి ఒక్కో కోడినీ సంచిలో వేసి కాటాకు తగిలించి, దేనికెంతో లెక్కకట్టి, సిరంజితో నోట్లో పోశాను. అన్నీ అయ్యాయనుకుంటుంటే మూలనున్న గంప కింద గురక వినిపించింది. ఎత్తి చూస్తే నల్ల పెట్ట, మెడ వాల్చేసి ఉంది.

"దీన్నెందుకు దాచారమ్మా?"

"అది చర్చిలో కోత పండుగకిచ్చే కానుకండీ, బ్రదర్ గారూ. కళంకం లేనిదే తేవాలని మొన్న ఆదివారం మీరే కప్పెగిరిపోయేట్టు అరిచారు కదా! మందు పడ్డాక ఇంకేం పనికొస్తుంది?"

"దేవుడు మందు వద్దన్నాడా తల్లీ?"

"వద్దని మీరనలేదు. పొయ్యమనీ అనలేదు."

మందు కలిపేలోపే అది నా చేతుల్లో ప్రాణం వదిలింది. "ఇప్పుడు దేవుడికేం చెప్పాలండీ?" అని ఆవిడ ఏడ్చారు. తన పశువు ప్రాణాన్ని కూడా లెక్కచేసేవాడే నీతిమంతుడన్న బైబిల్ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ ఆదివారం మాత్రం గుర్తు రాలేదు.

మీ ఊళ్లోనూ ఇలా మందు ఆపిన కానుకలున్నాయా? కింద రాయండి. కాదు, రాయడం తర్వాత! ముందు లేచి పెరట్లోకి వెళ్లండి. కోడి తూగుతుంటే ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చేసి, తూకం వేసి, చెప్పినంత మందు ఈ రోజే పట్టండి. అది దేవుడి కోడైతే మొదట దానికే పట్టండి.