తేనెకు అంటుకున్న రెండు పేజీలు

జలంధర్ చదివింది ఐదో తరగతి. ఎవరడిగినా దాచడు, కానీ వెంటనే ఇంకో ముక్క చేరుస్తాడు: "ఐదు మొత్తం సదివిన. పరీచ్చ గూడ రాసిన." మెట్‌పల్లి దగ్గర వాళ్ల ఊళ్లో బడి అంతవరకే ఉండేది. ఆరుకు నాలుగు మైళ్లు నడిచి పోవాలి. పసుపు తవ్వడం అయ్యాక పంపిస్తానన్నాడు తండ్రి. ఆ ఏడు పసుపు అయిపోయింది, మళ్లీ ఏడు పసుపు వచ్చింది, పోవాల్సినవాడు పోనేలేదు.

ఖతర్ వచ్చి పద్నాలుగేళ్లు. మొదటి ఎనిమిదేళ్లు ఎండలో ఇనుప కడ్డీలు కట్టాడు. ఇప్పుడు లుసైల్‌లో ఒక పెద్ద హోటల్ అడుగు అంతస్తులో, దుప్పట్లు ఇస్త్రీ చేసి లెక్కగా పేర్చే గదిలో డ్యూటీ. పొద్దున బర్వా అల్ బరాహా కూలీల క్యాంపు నుంచి కంపెనీ బస్సు తెస్తుంది, సాయంత్రం తీసుకుపోతుంది. ఊళ్లో భార్య గౌరవ్వ మాత్రం అడిగినవాళ్లకు "మా ఆయన దుబాయ్ల బట్టలు మడుతవెడ్తడు" అనే చెబుతుంది. దుబాయ్ కాదు, ఖతర్ అని నాలుగుసార్లు దిద్దాడు. ఐదోసారి ఊరుకున్నాడు.

ఆ గదిలో దుప్పట్లతో పాటు ఒక ఇనుప బీరువా కూడా ఉంది. అతిథులు మరిచిపోయినవన్నీ అందులోకే వస్తాయి: ఛార్జర్లు, కళ్లద్దాలు, ఒకసారైతే నీళ్ల గ్లాసుతో సహా పళ్లసెట్టు. తాళంచెవి జలంధర్ దగ్గర. తాత ఊరి బందెలదొడ్డికి కాపలా ఉండి, తప్పిపోయిన గొడ్లను కట్టేసి యజమానులకు అప్పజెప్పినవాడు. మనవడు బీరువా కాస్తున్నాడు. రక్తం ఎక్కడికి పోతుంది!

జనవరిలో ఒకరోజు పొగమంచుకు విమానాలు ఆగిపోయాయి. రెండు వందల మంది ప్రయాణికులను బస్సుల్లో తెచ్చి హోటల్లో దించారు. పేర్లు సరిగా రాసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. మర్నాడు వాళ్లు వెళ్లిపోయాక, లాబీలో సోఫా కింద ఊడ్చేవాళ్లకు నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి దొరికింది. పేరు లేదు. సగం గీతల్లో ఇంగ్లీషు, సగం గీతల్లో ఇంకేదో రాత. అరబీ కాదు, ఆ బోర్డులు జలంధర్ పద్నాలుగేళ్లుగా చూస్తున్నాడు. ఇవి మూలలు గీసినట్టున్న అక్షరాలు.

ఛాయ్ వేళకు నూరైన్ వచ్చింది. హైదరాబాద్ టోలిచౌకి అమ్మాయి, హౌస్‌కీపింగ్ ఆఫీసులో కంప్యూటర్ పని. నోట్‌బుక్ తిప్పి చూసి కనుబొమలెత్తింది.

"అరె భాయ్, ఇది హీబ్రూ. యూదుల బడి పిల్లది. ఐదో క్లాస్."

"ఐదా?" అన్నాడు జలంధర్. చేతిలో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "ఐదుల ఏం సదువుతరట?"

అదీ అసలు రోగం. ఎవరిది అని అడగాల్సినవాడు, ఏం చదువుతారు అని అడిగాడు. మొదటి పేజీలో, తల్లిదండ్రులకు బడి పంపే కాగితం అంటించి ఉంది: ఈ నెల ఐదో తరగతిలో ఏం నేర్చుకుంటున్నామంటే, అని. పేజీకి సరిపోయేలా ఆ పిల్ల పైభాగం కత్తిరించింది. బడి పేరు ఆ ముక్కతోనే పోయింది. మిగిలినది నూరైన్ చదివి చెప్పింది. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని, గట్టిగా వాదించుకుంటూ చదవాలట. పంతులు జవాబు చెప్పడట, ఇంకో ప్రశ్న అడుగుతాడట. ఈ నెల పాఠం, పోయిన వస్తువులు.

జలంధర్ బీరువా వైపు చూశాడు. "మన కతనే గద మేడమ్!"

ఆ రోజు నుంచి ఛాయ్ వేళ పది నిమిషాలు ఆ ఇద్దరూ జోడీ. నోట్‌బుక్‌లో పాఠం ఇదీ: దారిలో పండ్లు చెల్లాచెదురుగా పడి ఉంటే దొరికినవాడివి, గంపలో ఉంటే గుర్తున్నట్టు, చాటింపు వేయాలి. రోడ్డు పక్క తాపీగా మేస్తున్న ఆవు తప్పిపోయినట్టు కాదు. తోటల్లో పడి పరుగెత్తుతుంటే తప్పిపోయినట్టు. ఇక్కడ జలంధర్ అడ్డం పడ్డాడు.

"గది తప్పు. మా తాత సెప్పేటోడు, సేన్ల వడి మేసే బర్రె తప్పిపోలె, దానికి దారి మంచిగ ఎర్క!"

నూరైన్ నవ్వి నవ్వి ఛాయ్ ఒలకబోసుకుంది. చాటింపు ఒక్కసారి వేస్తే చాలదు, మళ్లీ మళ్లీ వేయాలి అని కూడా ఉంది. మీదే అని వచ్చినవాడు గుర్తు చెప్పాలి, చెప్పకపోతే ఇవ్వకూడదు.

అంతా బాగానే ఉంది గానీ హోటల్‌కూ ఒక శాస్త్రం ఉంది: ఎవరూ అడగని కాగితాలు ముప్పై రోజులు ఉంచి, ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదింటికి ముక్కలు చేసే మిషన్లో వేయాలి. గడువు పెంచమని జలంధర్ మేనేజర్ ఉమైర్‌ను అడిగాడు. ఆయన కర్కోటకుడు కాదు, కాగితం మనిషి. "రూల్ హై భాయ్" అన్నాడు. ఒక పిల్ల ఏడాది చదువు మిషన్ పాలు కావడం జలంధర్‌కు మింగుడు పడలేదు. చదువు మధ్యలో పోతే ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. నూరైన్ చేత విమానం వాళ్లకు మెయిల్ పెట్టించాడు. జవాబు లేదు. వారం ఆగి మళ్లీ పెట్టించాడు. లేదు.

ఇరవయ్యో రోజున ఒక పాడు పని చేశాడు. నోట్‌బుక్ మధ్యలో రెండు పేజీలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. అంచున తేనె మరక, ఎండి గోధుమరంగు తేలింది. లోపల ఏముందో అన్న కుతూహలం నాలుగు రోజులు నిలవనీయలేదు. అతిథుల వస్తువులు తెరవకూడదు, బాగు చేయకూడదు, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. ఆ మాట బీరువా తలుపు మీదే మూడు భాషల్లో అంటించి ఉంది. అయినా ఆవిరి ఇస్త్రీ పెట్టె దగ్గరగా పట్టి, తడిగుడ్డతో అద్ది అద్ది, పట్టు చీర మరక తీసినంత ఒడుపుగా రెండు పేజీలనూ విడదీశాడు. మరక ఆనవాలు కూడా లేదు. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

లోపల ఇంకో బడి కాగితం ఉంది. నూరైన్ చదువుతూ చదువుతూ ఆగింది.

"భాయ్, పుస్తకం దొరికితే ముప్పై రోజులకు ఒకసారి తెరిచి చదవాలంట, పాడవకుండా. చదువు రానోళ్లు ఊరికే తిప్పాలంట."

"ముప్పై దినాలకు మనోళ్లు ముక్కలు జేస్తరు, ఆళ్లు తిప్పుమంటరు" అన్నాడు జలంధర్. అతనికి ఆ పాఠం చెప్పినవాళ్ల మీద గౌరవం కలిగింది.

"ఆగు, ఇంకుంది. కానీ దొరికిన పుస్తకంల కొత్త పాఠం నేర్చుకోవద్దంట. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చుంటాం కదా, నలిగిపోతదని."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. నెలలో ఇరవై రోజులు వాళ్లు చేసింది అదే.

ఇరవై నాలుగో రోజు మూడో మెయిల్‌తో మూడో చాటింపు వేయించాడు. ఇరవై తొమ్మిదో రోజు జవాబు వచ్చింది, ఆస్ట్రేలియా నుంచి, ఒక తల్లి దగ్గరి నుంచి. మా పాప నీలం నోట్‌బుక్ పోయింది, మీ దగ్గరున్నది అదేనా అని. ఉమైర్ కొరియర్ చీటీ తీశాడు. అడ్డం పడ్డది జలంధరే.

"నీలం నోట్‌బుక్కులు లోకంల మస్తుంటయి సార్. గుర్తు అడుగుండ్రి."

ఆ మాట ఉమైర్‌కు నచ్చింది. మర్నాడు, అంటే ముప్పయ్యో రోజు, మధ్యాహ్నం పాప స్వయంగా రాసిన జవాబు వచ్చింది. మధ్యలో రెండు పేజీలు తేనెకు అంటుకుని ఉంటాయి, నాస్తా చేస్తుంటే ఒలికింది, తెరవాలని ఎంత చూసినా రాలేదు, అదే నా గుర్తు.

ఉమైర్ నోట్‌బుక్ మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. ఒక్క పేజీ కూడా అంటుకుని లేదు. వెలుగుకు ఎత్తి చూశాడు. మరక లేదు. "గుర్తు కలవలేదు. ఇది వాళ్లది కాదు" అని గడియారం చూశాడు. నాలుగున్నర.

తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే ఇదే. గుర్తు అడగమన్నదీ జలంధరే, గుర్తు తుడిచిందీ జలంధరే. నోరు మూసుకుంటే ఐదింటికి మిషన్ తిరుగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నోరు తెరిస్తే, ఇలాంటి తప్పుకే పోయినేడు ఒకతన్ని ఇంటికి పంపారు.  నూరైన్ నేల చూస్తూ నిలబడింది.

"గుర్తు ఉండె సార్. నేనే తీసిన" అన్నాడు. వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పాడు: తేనె, ఆవిరి, తడిగుడ్డ. "పోరి అబద్ధం ఆడలె. తప్పు నాది."

ఉమైర్ నోట్‌బుక్ మళ్లీ తెరిచాడు. పేజీ అంచు వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన ఇంకా పోలేదు. కూర్చుని ముందు హెచ్చరిక కాగితం రాసి జలంధర్ ముందుకు తోశాడు. "ఇంకోసారి అయితే ఖలాస్" అన్నాడు. ఆ తర్వాత అదే పెన్నుతో కొరియర్ చీటీ నింపాడు. జలంధర్ తెలుగులో సంతకం పెట్టాడు, ఐదో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో.

సంగతంతా రాసి, పాపను క్షమించమని అడుగుతూ నూరైన్ జవాబు పెట్టింది. నీ నోట్‌బుక్ తెరిచామని, మా కంటే ముందు నువ్వు చదవాల్సినదాన్ని మేము చదివామని. ఇక తిట్లు వస్తాయని జలంధర్ ఎదురుచూశాడు. తెల్లవారి ఛాయ్ వేళకు వచ్చింది ఒకటే ప్రశ్న.

'ఆ పేజీల్లో ఏముంది? ఆ పాఠం చెప్పిన రోజు నాకు జ్వరం, కాగితం తర్వాత ఇచ్చారు, చదవకముందే తేనె ఒలికింది. కొరియర్ రావడానికి పది రోజులు పడుతుందట. నేను అంతవరకు ఆగలేను.'

"ఫొటో కొట్టి పంపుతుంటిమి, కానీ బుక్కు పొద్దున్నే పోయింది" అంది నూరైన్. ఫోన్‌లో రికార్డు బటన్ నొక్కి అతని నోటి ముందు పెట్టింది. "నువ్వే చెప్పు భాయ్. నేను ఇంగ్లీష్‌ల చెబుతా."

జలంధర్ చేతులు తుడుచుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. పంతులు బల్ల ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు. 

"సూడు బిడ్డా" అన్నాడు. "నువ్వు బడికి రాని నాడు అయిన పాఠం ఇది. మంచిగ ఇను."