గూడ్సు రానివ్వండి

సోమవారం పొద్దున్నే హాస్టల్ ఫోన్ మోగింది. ఏలూరు నుంచి మా క్లాసు కుర్రాడు. "మన ల్యాబ్ సార్ పోయారు. గుండెపోటట." నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సార్ రోజూ ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని మా కాలేజీకి ప్యాసింజర్‌లో వచ్చేవారు. మమ్మల్ని కూడా "ఏవండీ" అనే పిలిచేవారు. ల్యాబ్‌లో అడుగుపెట్టగానే, "ముందు కుళాయి ముట్టుకోండి" అనేవారు. ఒంట్లో చేరిన కరెంటు ఇనప గొట్టంలోకి పోవాలి. లేకపోతే కంటికి కనబడనంత చిన్న పరికరాలు మన వేలి తాకిడికే కాలిపోతాయి.

వాహకత అనే మాట మొదట ఆయన నోటే విన్నాను. కరెంటుకి దారిచ్చే గుణం. ఆ మాటను రోజంతా నోట్లో నానబెట్టుకున్నాను. ఒకదానికొకటి ఆనించిన రెండు బంగారు తీగలు విడిపోయేటప్పుడు, చివరికి మధ్యలో కొద్ది పరమాణువులే మిగులుతాయి. అప్పుడు తెర మీద వాహకత గీత జారదు, మెట్లు మెట్లుగా దిగుతుంది.

"ఎందుకు సార్?"

"మీది కొల్లేరు పక్కనే కదండీ. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఒక్క దోనె పట్టే దారే మిగులుతుంది. ఇంకో దోనె పోవాలంటే ఇంకో దారి ఉండాలి. ఒకటిన్నర దోనె పోతుందా చెప్పండి? కరెంటు దారులూ అంతేనండీ."

బల్ల సన్నగా అదిరితే తీగలు విడిపోతాయి. మేం వేలితో తట్టబోతే ఆపేవారు. "గూడ్సు రానివ్వండి. అది మీకన్నా బాగా ఊపుతుంది." ల్యాబ్ వెనకే రైలు పట్టాలు.

రెండు వారాలు కూర్చున్నా నాకు మెట్లు రాలేదు. రికార్డు ఇవ్వాల్సిన రోజు వచ్చేసింది. గదిలో కూర్చుని, పుస్తకంలో బొమ్మ చూసి, స్కేలు పెట్టి గీసేశాను.

"చూశారా అండీ?"

"చూశాను సార్."

"మీరు చూస్తే నేనూ చూసినట్టే." సంతకం పెట్టారు.

ఆ సంతకం నన్ను కట్టిపడేసింది. ల్యాబ్ వైపు వెళ్లలేను, నిజం చెప్పలేను. ఒకసారి కాలేజీ మెట్ల దగ్గర ఎదురయ్యారు. "కనబడటం లేదేంటండీ? గూడ్సు మాత్రం రోజూ వస్తోంది."

"పరీక్షలు సార్."

ఆయనకు తెలుసేమో. నేను అడగలేదు.

అంత్యక్రియల మర్నాడు ల్యాబ్ తెరిపించుకున్నాను. కుళాయి ముట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. గూడ్సు వచ్చింది. తెర మీద మెట్లు దిగాయి. ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు, ఒకటి అంచు విరిగినట్టు. నా స్కేలు గీతల్లా ఒక్కటీ లేదు.

"సార్!" అని వెనక్కి తిరిగాను.

ఆయన స్టూలు ఖాళీగా ఉంది. గూడ్సు చివరి పెట్టె దాటేదాకా అది సన్నగా అదురుతూనే ఉంది.