కోడికాళ్ల గుడిసెలో నాన్న

రోటోటూనాలో అక్క వాళ్లింట్లో నాలుగు రోజులుండి, బస్సులో టౌరంగా ఊరికి వెళ్తున్నాను. పక్క సీట్లో రష్యన్ పెద్దావిడ ఒకరు ట్యాబ్‌లో పాత సినిమా చూస్తున్నారు. తెర మీద మంచు అడవి, అందులో కోడికాళ్ల మీద నిలబడ్డ గుడిసె! నా చిన్నప్పటి రష్యన్ జానపద కథల పుస్తకంలోని గుడిసే అది. ఉండబట్టలేక ఇంగ్లీషులో పలకరించాను.

"ఇది పిలిస్తేనే తిరుగుతుంది కదండీ? మా తెలుగులో చదివాను."

ఆవిడ సినిమా ఆపి, గుడిసె మీద వేలు పెట్టారు.

"లోపల మా నాన్న ఉన్నాడు. స్టూడియోలో వడ్రంగి. దీన్ని చేసిందీ, లోపల కూర్చుని తిప్పిందీ ఆయనే. ఆయన ఫొటో ఒక్కటీ మిగల్లేదు. చూడాలనిపిస్తే ఇది పెట్టుకుంటాను."

ఆవిడ ఒక ఇయర్‌ఫోన్ నా చేతికిచ్చారు.

"నీ తెలుగులో పిలువు, చూద్దాం."

"గుడిసే, గుడిసే, ఇటు తిరుగు" అన్నాను సిగ్గుపడుతూనే.

ఆవిడ తెరను తాకారు. అంత గుడిసె కిర్రుమంటూ మావైపు తిరిగింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వారు. "చూశావా, మా నాన్నకి తెలుగు కూడా వచ్చు!"